రంగు డబ్బా తెరిచే ముందు సుత్తి పట్టుకోండి

ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిసిన రెండు చక్రాల సామాను ట్రైలర్‌ను ఇంటి వర్క్‌షాప్‌లోనే బాగు చేసుకోవాలని ఉందనీ, తుప్పు మళ్ళీ రాకుండా ఏ రంగు ఎన్ని పూతలు వేయాలో చెప్పమనీ మీరు అడిగారు. సరిగ్గా అలాంటి ట్రైలర్‌నే నేను సెలవు రోజుల్లో పని చేస్తూ నాలుగు నెలల్లో మళ్ళీ రోడ్డెక్కించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: రంగు సంగతి ఈ పనిలో అన్నిటికంటే చివర తేల్చుకోవలసినది. ముందు తేల్చుకోవలసింది ఆ రంగు కింద ఇనుము ఎంత మిగిలి ఉందన్నది.

నేను కొన్న ట్రైలర్ పైకి చూడటానికి చాలా బాగుండేది. అమ్మిన వ్యక్తి దానికి కొత్తగా నల్ల రంగు వేయించి ఉంచారు. ఒంగి కింద కూడా చూశాను, ఎక్కడా తుప్పు మరక కనిపించలేదు. షెడ్డులోకి తెచ్చి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలిపి, చక్రాలు విప్పిన తరువాత, చిన్న సుత్తితో వెనుక నుంచి ముందుకు జానెడు దూరానికి ఒక్కొక్క దెబ్బ చొప్పున తట్టుకుంటూ వచ్చాను. మంచి ఇనుము ఖంగుమంటుంది, ఆ మోత చేతికి కూడా తెలుస్తుంది. వెనుక అడ్డకమ్మీ, పక్క ఛానళ్ళు అన్నీ అలాగే పలికాయి. బండికి నొగ ఎలాంటిదో ట్రైలర్‌కు డ్రాబార్ అలాంటిది. లాగే వాహనానికీ బరువుకూ మధ్య ఉన్న ఆధారం అదొక్కటే. ఆ డ్రాబార్ ముందు అడ్డకమ్మీని కలిసే చోటికి రాగానే శబ్దం ఒక్కసారిగా మారిపోయి, తడిసిన చెక్కను కొట్టినట్టు డొల్లగా వినిపించింది.

గీకుడు కత్తితో అక్కడి రంగు గీకి చూశాను. నల్ల పొర కింద బూడిద రంగు లప్పం, దాని కింద గాజు పీచు గుడ్డ, ఆ గుడ్డ కింద ఏమీ లేదు. స్క్రూడ్రైవర్ మొన ఆనించి అరచేత్తో నెడితే పిడి దాకా దిగింది. బయటికి లాగగానే ఆకుల్లా పొరలు పొరలుగా విడిన తుప్పు, దానితో పాటు గ్లాసెడు మురికి నీరు నేల మీద పడ్డాయి. మిగిలిన అంచును వెర్నియర్ అనే సన్న కొలతల సాధనంతో కొలిస్తే, మొదట 3 మిల్లీమీటర్లు ఉండవలసిన గోడ 1 మిల్లీమీటరుకు కూడా తక్కువగా ఉంది. అదే ట్రైలర్ మీద బరువు వేసుకుని, వెనుక ఎవరి వాహనమో వస్తుండగా, నేను వంతెన దిగుతున్నట్టు ఊహించుకుంటే కాళ్ళు చల్లబడ్డాయి. ఆ రోజు ఇంకేమీ చేయబుద్ధి కాక షెడ్డుకు తాళం వేసి వెళ్ళిపోయాను.

పైన పటారం లోన లొటారం అంటే ఇదే. తుప్పును తుప్పుగా వదిలేసిన ట్రైలర్ నిజం చెబుతుంది కాబట్టి కొనేవాడు జాగ్రత్త పడతాడు. లప్పం పెట్టి, గుడ్డ అతికించి, పైన మెరుపు రంగు వేసిన ట్రైలర్ అబద్ధం చెబుతుంది. లప్పం గోడకూ కారు తలుపుకూ పనికొస్తుంది గానీ బరువు మోసే చోట దానికి స్థానం లేదు. దాన్ని అక్కడ పూసిన చేతిని నేను మరమ్మతు చేసిన చేతిగా ఒప్పుకోను.

డ్రాబార్ లాంటి బాక్స్ పైపులను, అంటే లోపల బోలుగా ఉండే నలుపలకల గొట్టాలను, తుప్పు బయటి నుంచి కాదు, లోపలి నుంచి తింటుంది. పగలు వేడెక్కిన గాలి వ్యాకోచించి సన్నని సందుల గుండా బయటికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు తేమ గాలి లోపలికి వస్తుంది, ఆ తేమ గోడలకు పట్టి కిందికి జారుతుంది. పైన వేసిన బోల్టు రంధ్రాల గుండా వాన నీరు కూడా తోడవుతుంది. కింద పోయే దారి లేకపోతే ఆ నీరు అక్కడే నిలుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఒకదాని మీద ఒకటి వేసి వెల్డు చేసిన పట్టీలను కూడా అది లోపలి నుంచి ఉబ్బించి విడదీస్తుంది. మీ ట్రైలర్‌లో ఎక్కడైనా రెండు పట్టీల మధ్య ఉబ్బు కనిపిస్తే రంగు వేసి కప్పకండి, విప్పి చూడండి.

నేను డ్రాబార్‌ను అతుకు వేయకుండా పూర్తిగా కోసి కొత్తది పెట్టాను. కోసే ముందే కొలతలు రాసి పెట్టుకోవడం మరిచిపోకూడదు. ఛాసిస్ రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి; ముందు కొక్కెం మధ్య నుంచి ఇరుసు రెండు చివరలకూ ఉన్న దూరాలు కూడా సమానంగా ఉండాలి. నా ట్రైలర్ కర్ణాలలో 11 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అంటే అది చాలా కాలంగా ఒక పక్కకు ఈడ్చుకుంటూ నడుస్తున్నదన్నమాట, ఒక టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉండటానికి కారణం అదే. మూలమట్టం పెట్టి మూలలు మాత్రమే చూసుకునేవారు ఈ తేడాను ఎన్నడూ పట్టుకోలేరు.

వెల్డింగుకు నేను 7018 రకం రాడ్లు (అతుకులోకి హైడ్రోజన్ తక్కువగా చేర్చేవి) వాడాను. వాటికి తేమ తగలకూడదు. తేమ పట్టిన రాడ్డుతో వేసిన అతుకు పైకి నున్నగా కనిపించినా తరువాత పగలవచ్చు. అదనపు బలానికి వేసే పట్టీలను నిలువుగా తెగ కోయకుండా చివరలు కోసుగా వచ్చేలా కోయాలి. అప్పుడు అతుకు గీత కమ్మీకి సరిగ్గా అడ్డంగా పడదు, పగులు పుట్టే అవకాశం తగ్గుతుంది. ఎర్త్ క్లాంపును, అంటే కరెంటు మిషన్‌కు తిరిగి వెళ్ళే వైరు చివరి క్లిప్పును, వెల్డు చేసే చోటికి దగ్గరగా, శుభ్రమైన ఇనుముకు తగిలించాలి. చేతికి అందింది కదా అని చక్రం బోల్టుకు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద గుంటలు చేస్తుంది. కొత్త బేరింగులు వేసిన వారానికే మోత వస్తోందని బాధపడేవారు ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

ఇక ఈ పనుల వీడియోల మీద నాకున్న కోపం దాచుకోను. పది నిమిషాల్లో తుప్పు పోయి ట్రైలర్ మెరిసిపోతుంది, చేసేవారి ముఖానికి మాస్కు కూడా ఉండదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఆ పొడిని గ్రైండరుతో గాలిలోకి లేపి, అదే షెడ్డులో పిల్లలను ఆడుకోనివ్వడం క్షమించరాని పని. జింకు పూత ఉన్న ఇనుమును అలాగే వెల్డు చేస్తే వచ్చే తెల్లని పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలి జ్వరం రావడం ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. అన్నిటికంటే భయంకరమైనది బ్రేక్ క్లీనర్. దానిలో క్లోరిన్ ఉన్న రకాలతో ఇనుము తుడిచి, ఆ తడి మీద వెల్డింగు ఆర్క్ కొడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ డబ్బా మీద రాసింది చదవకుండా వెల్డింగు మిషన్ ఆన్ చేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

చక్రం బిగించే, లోపల బేరింగులు ఉండే హబ్బుల దగ్గర నేను రెండు రోజులు గడిపాను, అది వృథా కాలేదు. కుడి పక్క మూత తీయగానే గ్రీజు మట్టి రంగులో గట్టిపడి ఉంది. కిరోసిన్‌తో కడిగి చూస్తే బేరింగు కప్పు (రోలర్లు ఆని తిరిగే బయటి రింగు) లోపలి ముఖం మీద, రోలరుకూ రోలరుకూ ఉన్న దూరానికి సరిగ్గా సరిపోయేలా వరుసగా నల్లని గీతలు ఉన్నాయి. కదలకుండా నిలిచిన ట్రైలర్‌లో తేమ చేరి, ఒక్కొక్క రోలరు ఆనిన చోటే ఇనుమును తిన్న గుర్తులవి. వేలి గోటితో తడిమితే తగిలాయి. గోటికి తగిలే గీత ఉన్న బేరింగును మళ్ళీ వేయకూడదు. రోలర్లు మార్చి పాత కప్పు ఉంచడం కూడా తప్పు, రెండూ జతగానే మార్చాలి. గ్రీజును అరచేతిలో తీసుకుని, వెడల్పు వైపు నుంచి రోలర్ల మధ్యకు అదిమి, అవతలి వైపు పొంగి వచ్చేదాకా నింపాలి. హబ్బంతా కూరి నింపితే అది వేడికి వ్యాకోచించి వెనుక సీలును తోసుకుని బయటికి వస్తుంది.

నట్టు బిగించడంలో చాలామంది బలం చూపిస్తారు. టేపర్ రోలర్ బేరింగు (ఒక చివర సన్నగా ఉండే రోలర్లున్నది) ఉన్న హబ్బును చేత్తో తిప్పుతూ నట్టును స్పానరుతో బిగించి కూర్చోబెట్టి, తరువాత వదులు చేసి, మళ్ళీ కేవలం వేళ్ళతో బిగించి, స్ప్లిట్ పిన్ను (నట్టు తిరగకుండా ఆపేది) దూరే గాడి కలవకపోతే వదులు వైపుకే కొద్దిగా తిప్పాలి. పిన్ను కొత్తదే వేయాలి. టైర్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను. డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్న టైరు పక్క గోడ మీద ఆ వరుసలో చివరి 4 అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. నా వాటి మీద 0906 అని ఉంది, అంటే 2006లో 9వ వారం. అంత పాతబడ్డాక గాడులు ఎంత లోతుగా ఉన్నా అవి రోడ్డుకు పనికిరావు కాబట్టి రెండూ తీసేశాను. లైట్లు ఆరిపోతూ వెలుగుతూ ఉంటే బల్బును అనుమానించే ముందు ఎర్త్‌ను, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్ళే దారిని, చూడండి. ఛాసిస్‌ను నమ్ముకోకుండా ప్రతి లైటుకూ విడిగా ఎర్త్ వైరు లాగడం వల్ల నా సమస్య పూర్తిగా తీరింది.

ఇప్పుడు మీరు అడిగిన రంగు. తుప్పు మీద వేసే రంగు ఏదీ నాకు నమ్మకం కలిగించలేదు. శుభ్రమైన ఇనుము కనిపించేదాకా గీకి, అదే రోజు రెండు భాగాల ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, దాని మీద ఎండను తట్టుకునే పాలియురేథేన్ రంగు రెండు పూతలు వేశాను. ఇనుము ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటి బిందువులుగా పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉన్న వేళ చూసుకోవాలి, తెల్లవారుజామున వేయకూడదు. అంచుల మీదా వెల్డు గీతల మీదా రంగు ఎప్పుడూ పలచబడుతుంది కాబట్టి, మొత్తం వేసే ముందు వాటికి మాత్రమే బ్రష్షుతో ఒక పూత వేసుకోవాలి. సాధారణ రెడ్ ఆక్సైడ్ పూసి, తరువాత చూద్దామని వానలో వదిలేస్తే నీరు దాని గుండా ఇంకుతుంది. చివరగా డ్రాబార్ లోపలికి సన్నని గొట్టంతో మైనపు పూత చిమ్మించి, నీరు బయటికి పోయేందుకు అన్నిటికంటే కిందికి ఉండే చోట 8 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేశాను.

మొదటిసారి బరువు వేసినప్పుడు, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సామాను ఇరుసుకు కొంచెం ముందుకు సర్దాను. లాగే వాహనం కొక్కెం ఎంత మోయగలదో కూడా చూసుకున్నాను. వెనుక బరువు ఎక్కువైతే వేగంలో ట్రైలర్ తోకలా ఊగుతుంది. 20 కిలోమీటర్ల తరువాత ఆగి రెండు హబ్బుల మీద చెయ్యి పెట్టి చూశాను, రెండూ సమానంగా గోరువెచ్చగా ఉన్నాయి. దాదాపు 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్ళీ బిగిస్తే, ఎడమ పక్క రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. మీరు సుత్తితో తట్టి చూసిన తరువాత ఏ చోట శబ్దం మారిందో ఇక్కడే రాయండి. రంగు ఎంత కావాలో అప్పుడు లెక్క వేద్దాం.