పికప్ ఏదో మల్టీమీటర్ చెబుతుందా?

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. బ్రిడ్జి (తీగలు ఆనే చోటు) దగ్గరి పికప్, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, హంబకర్ (రెండు కాయిళ్లది). దాని మీద పేరేమీ లేదు. పికప్ విడిగా కొలిస్తే మల్టీమీటర్ 8.2 కిలో ఓమ్‌లు చూపించింది. అది 1950ల నాటి గిబ్సన్ (అమెరికన్ గిటార్ కంపెనీ) పికప్పేనని అమ్మినతను అన్నాడు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ అంకె చూసి నమ్మకండి. గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్ రూపొందించిన హంబకర్లు 1957లో గిబ్సన్ గిటార్ల మీదికి వచ్చాయి. అవి దాదాపు 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఉంటాయన్నది నిజమే. ఇవాళ్టి చవక హంబకర్లలోనూ చాలావాటికి అదే రీడింగ్ వస్తుంది. ఓమ్‌లు చెప్పేది పికప్ కాయిల్‌లో చుట్టిన రాగి తీగ నిరోధం ఒక్కటే. 42 గేజ్ తీగకు బదులు సన్నటి 43 గేజ్ చుడితే, చుట్లు అన్నే ఉన్నా ఓమ్‌లు పెరుగుతాయి. పికప్‌లోని అయస్కాంతం ఆల్నికోనా (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రలోహం), సెరామిక్కా అన్నది మీటర్‌కు తెలియనే తెలియదు.

పైగా రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. మీ ఊళ్లో మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీల గదిలో 8.2 చూపించిన పికప్, 25 డిగ్రీల దగ్గర 7.75 చూపిస్తుంది.

నేనైతే ముందు పికప్ అడుగు చూస్తాను. ఆనాటి గిబ్సన్‌కు అల్లిన లోహపు తొడుగుతో ఒకే వైరు బయటికి వస్తుంది. రంగురంగుల నాలుగు వైర్లు కనబడితే గట్టిగా అనుమానించాల్సిందే. తొలినాటి గిబ్సన్ హంబకర్లకు అంటించిన ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ స్టిక్కర్ ఉన్నా పొంగిపోకండి, నకిలీవి దొరుకుతాయి. దయచేసి దాన్ని గోకి చూడొద్దు! ధ్వని గురించి తెలియాలంటే ఎల్‌సీఆర్ మీటర్‌తో (కాయిల్ గుణాలను కొలిచే పరికరం) ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును కాయిల్ ఎంత అడ్డుకుంటుందో, కొలిపించండి.