టెక్ సందేహాలు: పీడీఎఫ్ అంతా పసుపే... గుర్తున్నది మాత్రం సున్నా!

ప్రశ్న: గుంటూరులో పీహెచ్‌డీ మొదటి ఏడాది చేస్తున్నాను. అంశం: ఫొటోలతో మిర్చి ఆకు తెగుళ్లను గుర్తించడం. పేపర్ల నిండా హైలైట్ చేస్తున్నా, వారం తర్వాత గైడ్ అడిగితే ఏమీ చెప్పలేకపోతున్నాను. మంచి యాప్ ఏదైనా ఉందా?

జవాబు: పేపర్లను దాచుకుని, చదివి, హైలైట్ చేసుకునే జొటెరో యాప్ వేసుకోండి, ఉచితంగా దొరుకుతుంది. అయితే యాప్‌తోపాటు గీతలు గీసే పద్ధతి కూడా మారాలి. మూడు రంగులు చాలు. రచయితల వాదనకు పసుపు, దానికి చూపిన ఆధారానికి నీలం, మీ సందేహానికి ఎరుపు. ఎరుపు గీసిన ప్రతిచోటా కామెంట్‌లో ఒక ప్రశ్న రాయండి. ప్రశ్న తట్టకపోతే ఆ గీత చెరిపేయండి. పసుపుకు జతగా నీలం దొరకలేదంటే, ఆ వాదనను నమ్మే ముందు ఆగాలి.

అబ్‌స్ట్రాక్ట్ తర్వాత నేరుగా పట్టికలు, బొమ్మలు, ఆపైన మెథడ్స్ చదవండి. డిస్కషన్ చివర్లో చాలు. ముందే చదివితే పట్టికలను కూడా రచయితల కళ్లతోనే చూస్తాం.

మీ రంగంలోదే ఒకటి చూద్దాం. ప్లాంట్‌విలేజ్ అనే ఆకు ఫొటోల సేకరణలోని 54,306 ఫొటోలతో 2016లో వచ్చిన పేపర్‌లో కచ్చితత్వం 99.35 శాతం. చాలామంది ఎత్తి రాసేది ఈ అంకెనే. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే అది 31 శాతం దగ్గరికి పడిపోయిందని కూడా ఆ పేపర్‌లోనే ఉంది. శిక్షణకు వాడినవి సాదా నేపథ్యంపై ఒక్కొక్కటిగా పెట్టి తీసిన ఆకులు. ప్రత్తిపాడు చేలో ఎండ, నీడ, దుమ్ము, ఒకదానిమీద ఒకటి పడ్డ ఆకులు ఉంటాయి. కాబట్టి మొదటి ఎరుపు ప్రశ్న: టెస్ట్ ఫొటోలు ఎక్కడివి? రెండోది: ఒకే మొక్క ఫొటోలు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడ్డాయా? ఫొటోలను తిప్పి, కత్తిరించి సంఖ్య పెంచింది వాటిని ట్రైనింగ్‌కు, టెస్ట్‌కు విడగొట్టక ముందా, తర్వాతా? ముందే అయితే ఆ అంకెను నమ్మలేం. ఇంకొకటి: 1000 ఫొటోల్లో 950 ఆరోగ్యమైన ఆకులే అయితే, 'అన్నీ బాగున్నాయి' అని చెప్పే మోడల్‌కూ 95 శాతం వస్తుంది. తెగులువారీగా రీకాల్ (నిజంగా ఆ తెగులున్న ఆకుల్లో మోడల్ ఎన్నింటిని పట్టుకుందో చెప్పే అంకె) ఇచ్చారో లేదో వెతకండి.

చదవడం అయ్యాక పేపర్ మీద రైట్‌క్లిక్ చేసి, యానొటేషన్ల నుంచి నోట్ తయారు చేసే ఆప్షన్ నొక్కండి. గీతలు, ప్రశ్నలు ఒకచోటికి వస్తాయి. గైడ్ దగ్గరికి వెళ్లేముందు చూసుకోవాల్సింది ఆ నోట్‌నే.

జొటెరోలో గీసినవి పీడీఎఫ్ ఫైల్‌లో కాక దాని డేటాబేస్‌లో ఉంటాయి. ఫోల్డర్‌లోంచి ఫైల్ తీసి వాట్సాప్‌లో పంపితే అవతలివారికి గీతలు కనిపించవు, ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి. స్కాన్ చేసిన పాత పేపర్లలో అక్షరాలు సెలెక్ట్ కాకపోతే ముందు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయించాలి. ఫైళ్ల సింక్‌కు ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ మాత్రమే. ఉపసంహరించిన పేపర్ మీ లైబ్రరీలో ఉంటే జొటెరోనే ఎర్రగా హెచ్చరిస్తుంది, దాన్ని దాటవేయకండి.

ఏఐతో సారాంశం తీయించుకోవడం మీ ఎరుపు ప్రశ్నలు రాసుకున్నాకే. అది ఎక్కువగా అబ్‌స్ట్రాక్ట్‌లోని మాటనే తిరిగి చెబుతుంది. ఏ పేజీలో ఉందో అడిగి, ఆ పేజీ తెరిచి సరిచూసుకోండి.