రోజువారీ పనులు రాసుకోవడానికి సింపుల్ నోట్స్ యాప్ ఏది?

"ప్రైవేటు స్కూల్లో టీచర్ని. స్కూలు పనులు, ఇంటి పనులు కలిసిపోయి రోజూ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుంటే నాలుగు రోజులకి ఎక్కడో పైకి పోతున్నాయి. నోషన్ అనే యాప్ చూశాను, చూడగానే తలనొప్పి వచ్చింది. సింపుల్‌గా ఉండేది ఏదైనా ఉంటే చెప్పండి" అని ఒకరు అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆండ్రాయిడ్ ఫోనైతే గూగుల్ కీప్. అందులో ఒకే ఒక్క చెక్‌లిస్టు, దాని విడ్జెట్ (యాప్ తెరవకుండానే జాబితా కనిపించే పెట్టె) హోమ్ స్క్రీన్ మీద. తేదీ ఉన్న పనులు మాత్రం అందులో రాయకండి, క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఐఫోనైతే కొన్నప్పుడే వచ్చే నోట్స్, రిమైండర్స్ చాలు. తొందరగా ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతాదంతా నేను ఇక్కడికి ఎలా వచ్చాను, ఈలోగా ఎంత చేతి చమురు వదిలింది అన్న కథ.

నేను విజయవాడలో ఒక హోల్‌సేల్ మందుల షాపులో అకౌంట్స్ చూస్తాను. లెక్కల్లో పైసా తేడా రానివ్వను కానీ సొంత పనులు మాత్రం ఎప్పుడూ అస్తవ్యస్తమే. లాక్‌డౌన్ రోజుల్లో తీరిక దొరికి నోషన్‌లో పెద్ద టేబుల్ కట్టాను. పని, గడువు, ఎంత ముఖ్యం, ఎవరు చెయ్యాలి, ఎంతవరకు వచ్చింది, ఇలా కాలమ్‌లు. "ఎవరు చెయ్యాలి" కాలమ్‌లో మా ఇంట్లో నలుగురికీ నాలుగు రంగులు ఇచ్చాను, అప్పటికి రెండో తరగతి చదువుతున్న మా వాడితో సహా. రెండు ఆదివారాలు పట్టింది. నిజంగానే ముచ్చటగా ఉండేది. అందులో ఒక వరుస "కారు ఇన్సూరెన్స్". పక్కన తేదీ, ఎర్ర రంగులో "అర్జెంట్".

మూడు వారాల తర్వాత ఆ యాప్ తెరవడం మానేశాను. మానెయ్యాలని అనుకోలేదు, అదే ఆగిపోయింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు తిప్పుతుంటే పిల్లరుకి గీసుకుపోయి తలుపు లోపలికి నొక్కుకుపోయింది. పోన్లే, ఇన్సూరెన్స్ ఉందిగా అని పాలసీ కాగితం తీశాను. అయిపోయి నాలుగు నెలలైంది. తలుపు ఖర్చు సరేసరి, అసలు దెబ్బ ఇంకోటి. వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ చెయ్యకపోతే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్‌గా తగ్గుతుంది. పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు రిన్యూ చేసుకోకపోతే ఆ బోనస్ పోతుంది, మళ్ళీ మొదటి నుంచి రావాలి. నాది పోయింది. కంపెనీ వాళ్ళు మెసేజ్‌లు పంపే ఉంటారు, కాకపోతే వాళ్ళ దగ్గరున్నది నేను ఎప్పుడో మానేసిన నంబరు. ఆ నాలుగు నెలల్లో రోడ్డు మీద ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే దేవుడి దయ.

"రాసుకోలేదా ఏంటండీ?" అంది మా ఆవిడ.

"రాసుకున్నాను."

"మరి?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. సమాధానం మా నాన్నగారి గోడ మీద దొరికింది.

నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. వంటింటి తలుపు పక్కన తెలుగు క్యాలెండర్, దాని మేకుకే పురికొసతో కట్టిన బాల్‌పెన్ను. గ్యాస్ బండ వచ్చిన రోజు "గ్యా" అని రాస్తారు, పాలు రాని రోజు సున్నా చుడతారు, పెళ్ళిళ్ళకి ఊరి పేరు రాస్తారు. నాకు తెలిసి ఆయన మర్చిపోయిన పని లేదు. జ్ఞాపకశక్తి అనుకునేవాణ్ణి. ఒకరోజు గమనించాను: ఆయన పొద్దున్న కాఫీ తాగుతూ ఆ క్యాలెండర్ ముందు నిలబడేది పనులు చూసుకోవడానికి కాదు. తిథి, వర్జ్యం, రాహుకాలం చూసుకోవడానికి. అది యాభై ఏళ్ళ అలవాటు. పనులు ఆ గడిలోనే ఉంటాయి కాబట్టి వాటంతటవే కంట్లో పడతాయి.

నేనేమో రాసుకోవడానికి ఏ యాప్ బాగుందో చూసి ఎంచుకున్నాను. రాసింది రోజూ నా కంట్లో ఎలా పడుతుందో ఆలోచించనే లేదు. మీరు యాప్ ఎంచుకునేటప్పుడు కూడా ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: పొద్దున్న లేవగానే మీ చూపు ముందు ఎక్కడికి వెళ్తుంది? జాబితా అక్కడ ఉండాలి.

నా చూపు వాట్సాప్‌కి వెళ్తుంది, ఒప్పుకోవాల్సిందే. అందుకని తర్వాత అక్కడికే వెళ్ళాను. మనకి మనమే మెసేజ్ పంపుకునే సదుపాయం 2022 చివర్లో వచ్చింది, అంతకుముందు తమ్ముణ్ణి గ్రూపులో చేర్చి తీసేసి ఒంటరి గ్రూపు నడిపేవాణ్ణి (వాడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు). మీకు ఎదురైన ఇబ్బందే నాకూ ఎదురైంది. అయిపోయిన పనికి టిక్కు కొట్టే వీలు లేదు. అయినవీ కానివీ ఒకేలా కనిపిస్తాయి, పైగా మధ్యలో మనమే దాచుకున్న వంటల వీడియోలు. అయినా వాట్సాప్‌ని పూర్తిగా వదలొద్దంటాను. దారిలో గుర్తొచ్చింది గబుక్కున పడేసుకోవడానికి, బిల్లు ఫోటో పెట్టుకోవడానికి బాగుంటుంది. రాత్రి పడుకునే ముందు అక్కడున్నవి అసలు జాబితాలోకి ఎక్కించి చెరిపెయ్యండి. రెండు నిమిషాల పని.

ఇక కీప్. అందులో లేబుళ్ళు, రంగులు, బొమ్మలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోకండి. "పనులు" అని ఒక చెక్‌లిస్టు తెరిచి పైన పిన్ చెయ్యండి. ఫోన్ హోమ్ స్క్రీన్ మీద ఖాళీ చోట వేలు నొక్కిపట్టి విడ్జెట్లలో కీప్ వెతికితే ఒకే నోట్ చూపించేది ఉంటుంది, అది పెట్టుకోండి. నేను మొదటి స్క్రీన్‌లో సగం దానికే ఇచ్చి, వాట్సాప్ గుర్తుని దాని కింద పెట్టాను. ఇప్పుడు వాట్సాప్ కోసం వెళ్ళిన ప్రతిసారీ జాబితా దాటి వెళ్ళాలి. టిక్కు కొట్టినవి అడుగుకి జారిపోతాయి, మిగిలినవే పైన కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: చెత్తబుట్టలో పడేసిన నోట్ 7 రోజుల తర్వాత పూర్తిగా పోతుంది. అనుమానంగా ఉంటే తీసెయ్యకుండా ఆర్కైవ్ చెయ్యండి, కంటికి కనపడకుండా పక్కన భద్రంగా ఉంటుంది.

ఇంకో నోట్ సరుకులది, అది మా ఆవిడకీ నాకూ ఉమ్మడి. తను ఇంట్లో "చింతపండు అరకిలో" అని రాస్తే నేను షాపులో ఉండగానే నా ఫోన్‌లో కనిపిస్తుంది. ఈ ఒక్క నోట్ వల్ల మా ఇంట్లో ఎన్ని గొడవలు తగ్గాయో చెప్పలేను.

స్కూలుకి ఒకటి, ఇంటికి ఒకటి పెట్టుకోవాలా అని మీకు అనిపిస్తుంది. నా మాట వింటే వద్దు. రెండు ఉంటే ఒకటే చూస్తారు, రెండోది నా ఎర్ర రంగు "అర్జెంట్" గతి పడుతుంది. స్కూలు పనికి ముందు "స్కూ" అని రాసుకుంటే సరిపోతుంది.

రాసే తీరు గురించి కూడా ఒక మాట. నా పాత జాబితాల్లో "బ్యాంకు" అని ఉండేది. మూడు వారాలు అలాగే ఉండేది, ఎందుకంటే చూసిన ప్రతిసారీ బ్యాంకులో ఏం చెయ్యాలో మళ్ళీ ఆలోచించాలి. "నామినీ ఫారం నింపి బ్యాంకులో ఇవ్వాలి, అమ్మ ఆధార్ జిరాక్సు" అని రాసిన రోజే పనైపోయింది. మీరూ "పేపర్లు" అని కాకుండా "8బి పేపర్లు సగం దిద్దాలి" అని రాసి చూడండి.

తెలుగులో రాసుకునేవాళ్ళకి ఒక చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. నేను ఒకరోజు "కరెంటు బిల్లు" అని, ఇంకోరోజు "కరెంట్ బిల్", తొందరలో ఉంటే ఇంగ్లీషు అక్షరాల్లో అదే మాట రాసేవాణ్ణి. తర్వాత వెతికితే ఒకటి దొరికితే ఇంకోటి దొరకదు, యాప్‌కి అవి మూడు వేర్వేరు మాటలు. ఏదో ఒక పద్ధతికి కట్టుబడండి. చేతిలో సంచులుంటే జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) మైకు నొక్కి తెలుగులోనే చెప్పొచ్చు, బాగానే రాస్తుంది. ఒకసారి "ఆధార్ జిరాక్సు" అంటే "ఆధారం జిరాక్సు" అని రాసింది, అంతవరకు క్షమించెయ్యొచ్చు.

తేదీ ఉన్నవన్నీ గూగుల్ క్యాలెండర్‌లో, ఏటా మళ్ళీ వచ్చేలా, రెండు అలర్టులతో పెట్టాను. ఒకటి 15 రోజుల ముందు, ఇంకోటి 2 రోజుల ముందు. ఒక్కటే అలర్టు పెడితే సరిగ్గా బండి నడుపుతున్నప్పుడు మోగుతుంది, పక్కకి తోసేస్తాం, అంతే సంగతులు. నా క్యాలెండర్‌లో ఉన్నవి: రెండు బండ్ల ఇన్సూరెన్స్‌లు, పొల్యూషన్ సర్టిఫికెట్, జీవిత బీమా ప్రీమియం (ఏడాదికోసారి కట్టేదైతే గడువు దాటాక 30 రోజులు గ్రేస్ ఉంటుంది, నెలనెలా కట్టేదానికి 15 రోజులే), ఏప్రిల్ ఆఖరులోగా ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గే ఇంటి పన్ను, నవంబరులో నాన్న పెన్షన్‌కి జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్.

మిగతా యాప్‌లు కొన్ని వాడాను. మైక్రోసాఫ్ట్ టు డూ బాగుంటుంది, ముఖ్యంగా జాబితా చాంతాడంత పెరిగిపోయే వాళ్ళకి. అందులో "మై డే" పేజీ ప్రతి రాత్రీ ఖాళీ అవుతుంది, చెయ్యని పనులు వెనక జాబితాలో భద్రంగానే ఉంటాయి, పొద్దున్నే ఈరోజుకి నాలుగు ఏరుకోవాలి. కీప్ మీకు నచ్చకపోతే ఇదే నా రెండో సలహా. ఎవర్‌నోట్ ఒకప్పుడు అందరూ వాడేవారు, 2023 డిసెంబరు నుంచి ఉచితంగా అయితే 50 నోట్లకే పరిమితం చేశారు. ఇంకొకటి, వండర్‌లిస్ట్ అని ఉండేది, ఎంతో ఇష్టంగా వాడేవాణ్ణి. మైక్రోసాఫ్ట్ కొనుక్కుని 2020 మేలో మూసేసింది. అందుకే ఏ యాప్‌లోనైనా పదేళ్ళు దాచుకోవాల్సినవి పెట్టను. కీప్‌లో ఉన్నవి గూగుల్ టేకౌట్ (గూగుల్‌లో ఉన్న మన డేటా కాపీ ఇచ్చే సదుపాయం) ద్వారా దించుకోవచ్చు, ఏడాదికోసారి దించి పెట్టుకుంటాను.

ఆఫీసు కంప్యూటర్లో మాత్రం ఉత్త నోట్‌ప్యాడే. ఫైల్ మొదటి లైన్లో చుక్క, దాని వెంటనే పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్, ఓ, జీ అని కొట్టి సేవ్ చేస్తే, ఆ ఫైల్ తెరిచిన ప్రతిసారీ చివర్లో ఆ రోజు తేదీ, టైము వాటంతటవే పడతాయి. ఏ పార్టీ ఫోన్ చేసి ఏమన్నదీ అందులోనే రాస్తాను. పేరెంట్స్‌తో మాట్లాడిన సంగతులు రాసుకోవడానికి మీకూ పనికొస్తుంది.

పాస్‌వర్డ్‌లు, ఏటీఎం పిన్‌లు వీటిలో దేంట్లోనూ రాయకండి.

కారు ఇన్సూరెన్స్ ఇప్పుడు టైముకే కడుతున్నాను, బోనస్ మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలైంది. క్యాలెండర్‌లో రెండు అలర్టులూ ఉన్నాయి. అయినా ప్రతి జనవరిలో కొత్త క్యాలెండర్ గోడకెక్కగానే నాన్న నన్ను పిలిచి "మీ కారుది ఎప్పుడురా?" అని అడిగి, ఆ గడిలో వర్జ్యం టైము పక్కన "కా" అని రాస్తారు.