చుక్క పెడితే చుట్టరికం రాదు

చిరంజీవి రవికి ఆశీస్సులు.

మీ జావా ప్రాజెక్టులో ఎవరు ఏ క్లాసును వాడుతున్నారో తెలియట్లేదని రాశావు. ‘బిల్లింగ్’, ‘బిల్లింగ్.ట్యాక్స్’ అని రెండు ప్యాకేజీలు (క్లాసుల గుంపులు) ఉంటే రెండోది మొదటిదాని బిడ్డ అనుకుంటాం. డిస్కులో ఫోల్డరులో ఫోల్డరు నిజమే, కంపైలర్‌కు మాత్రం అవి ఒకదానికొకటి పరాయివి. చుక్క పెడితే చుట్టరికం రాదు. అందుకే పక్క ప్యాకేజీకి అందాలని ప్రతి క్లాసుకూ పబ్లిక్ (అందరికీ అందేది) అన్న మాట తగిలిస్తారు. ఇక ఊరంతా వాడుకోవచ్చు.

కంట్రోలర్లు ఒకచోట, సర్వీసులు ఒకచోట అని విడగొట్టడమే సగం తంటా. ఒక పనికి సంబంధించినవన్నీ ఒకే ప్యాకేజీలో పెట్టు. అందులో పదిహేను క్లాసులున్నా నాకేం అభ్యంతరం లేదు. ఇంటర్‌ఫేసు, దాన్ని తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీ మాత్రమే పబ్లిక్. మిగతావాటికి ఏ మాటా రాయకు, ప్యాకేజీ దాటి కనబడవు. టెస్టుల కోసం పబ్లిక్ చేయక్కర్లేదు, టెస్టు ఫోల్డరులో అదే ప్యాకేజీ పేరు పెడితే చాలు. ప్రొటెక్టెడ్ అంటే పిల్ల క్లాసులకే అనుకోకు, అదే ప్యాకేజీలోని అందరికీ అందుతుంది.

ప్యాకేజీని విడగొట్టక తప్పకపోతే మాడ్యూలు, అంటే కొన్ని ప్యాకేజీలను కలిపి కట్టిన మూట, కావాలి. 2017లో జావా 9తో వచ్చింది. మాడ్యూల్-ఇన్ఫో ఫైల్లో ఎక్స్‌పోర్ట్స్ అని రాసిన ప్యాకేజీలోని పబ్లిక్ క్లాసులే బయటి మాడ్యూళ్లకు అందుతాయి. ఇక్కడా చుక్క సంగతి అంతే: ‘బిల్లింగ్’ రాస్తే ‘బిల్లింగ్.ట్యాక్స్’ వెంట రాదు, నక్షత్రం గుర్తు చెల్లదు. ఒక్క మాడ్యూలుకే ఇవ్వాలంటే ఆ వరుసలోనే ‘టు’ అని దాని పేరు చేర్చు. నీ మెథడ్ వేరే మాడ్యూలు రకాన్ని తిరిగిస్తుంటే రిక్వైర్స్ ట్రాన్సిటివ్ పెట్టు, లేదంటే వాడేవాడు ఆ మాడ్యూలును తానే రిక్వైర్స్‌లో రాసుకోనిదే ఆ రకాన్ని వాడే కోడు కంపైల్ కాదు. హైబర్నేట్ (డేటాబేసు కోసం), జాక్సన్ (జేసన్ కోసం) లాంటి లైబ్రరీలు రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రాము నడుస్తుండగా క్లాసు లోపలికి చూసి, ప్రైవేటు ఫీల్డులు ముట్టుకుంటాయి కాబట్టి ఆ ఫీల్డులున్న ప్యాకేజీలకు ఓపెన్స్ కూడా కావాలి. మరిచిపోతే కంపైల్ బాగానే అవుతుంది, నడిపినప్పుడు ఇనాక్సెసిబుల్ ఆబ్జెక్ట్ ఎక్సెప్షన్‌తో పడిపోతుంది. ఒకే పేరున్న ప్యాకేజీ రెండు మాడ్యూళ్లలో ఉంటే ప్రోగ్రాము అసలు లేవనే లేవదు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. జార్లను (కంపైల్ చేసిన క్లాసుల కట్టలను) క్లాస్‌పాత్‌లో, అంటే జావా క్లాసులు వెతికే పాత జాబితాలో, పెట్టి నడిపితే మాడ్యూల్-ఇన్ఫోను ఎవరూ చూడరు, పబ్లిక్ అన్నదంతా మళ్లీ అందరిదే. మీ స్ప్రింగ్ బూట్ జార్ నడిచేదీ అలాగే. అక్కడ కంచె కావాలంటే కోడు నిర్మాణ నియమాలను టెస్టులుగా రాయనిచ్చే ఆర్క్‌యూనిట్ లైబ్రరీతో ‘ఇంటర్నల్ ప్యాకేజీని బయటివారు పిలవకూడదు’ అని ఒక టెస్టు రాసి బిల్డులో పెట్టు. నన్నడిగితే మీకు ముందు ఇదే చాలు.

పాత కోడులో పబ్లిక్‌ను ఒక్కసారిగా పీకకు. జావాతో వచ్చే జెడెప్స్ అనే పనిముట్టును వెర్బోస్ ఆప్షన్‌తో నడిపితే ఏ క్లాసు దేన్ని పిలుస్తుందో జాబితా వస్తుంది. రిఫ్లెక్షన్ పిలుపులు అందులో కనబడవు, కాన్ఫిగ్ ఫైళ్లలో క్లాసు పేర్లు విడిగా వెతుక్కో. కొత్త ఇంటర్‌ఫేసు ఇచ్చి, పాతదానికి డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు) తగిలించి, ఒక రిలీజు ఆగి అప్పుడు మూసెయ్.

బాబాయి