మలపరీక్ష నార్మల్ అంటే వైరస్ లేనట్టేనా?

ప్రశ్న: మాది కావలి. పాపకు 14 నెలలు. మూడు రోజులుగా వాంతులు, నీళ్ల విరేచనాలు. మోషన్ టెస్ట్ చేయిస్తే నార్మల్ వచ్చింది. రోటా చుక్కలు మూడుసార్లూ వేయించాం. మా అత్తమ్మ పళ్లు వస్తున్నందుకే అంటున్నారు. నెల్లూరో, చెన్నైయో తీసుకెళ్లి వైరస్ టెస్ట్ చేయించాలా?

జవాబు: రిపోర్టు సంగతి తర్వాత. పాప మూత్రం పోస్తోందా, ముందు అది చూడండి. ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, ఏదీ తాగలేకపోతున్నా, మలంలో రక్తం పడినా ఇది చదవడం ఆపి బయల్దేరండి. నెల్లూరు దాకా కూడా వద్దు, దగ్గర్లో సెలైన్ పెట్టే చోటికి వెళ్లండి.

అవేవీ లేకపోతే టెన్షన్ పడకండి. మీరు చేయించింది మామూలు మలపరీక్ష. అందులో చీముకణాలు, రక్తకణాలు, అమీబా, పురుగుల గుడ్లు ఉన్నాయేమో చూస్తారు. పిల్లల్లో నీళ్ల విరేచనాలు తెచ్చే రోటా వైరస్ సైజు సుమారు 70 నానోమీటర్లు. ల్యాబ్‌లో ఉండే మామూలు మైక్రోస్కోపుకి 200 నానోమీటర్ల కన్నా చిన్నది ఆనదు. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం దీన్ని కనిపెట్టింది కూడా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనే. మీ రిపోర్టు తప్పు కాదు, వైరస్ ఊసు అందులో ఉండదంతే. నిజానికి చీము, రక్తం లేవంటే వైరస్ మీదే నా అనుమానం.

వైరస్‌ని పట్టే పరీక్షలు వేరు. రోటాకి ప్రెగ్నెన్సీ టెస్ట్ లాంటి కార్డు ఉంది, పావుగంటలో గీత తేలుతుంది. పెద్ద ల్యాబ్‌లలో ఎలీసా అనే పరీక్షతో చూస్తారు. నోరో, ఆస్ట్రో వంటి వైరస్‌లకు పీసీఆర్, కోవిడ్ రోజుల్లో అందరూ విన్నదే. దాని చూపు మరీ సూక్ష్మం. జబ్బు తగ్గాక కూడా నోరో వైరస్ కొన్ని వారాలు మలంలో పోతుంటుంది, అదీ దొరుకుతుంది. అందుకే పాజిటివ్ వచ్చినా ఇప్పటి విరేచనాలకు అదే కారణమని ఖాయంగా చెప్పలేం.

రోటా చుక్కలు 2016లో మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అవి వేయించారు కాబట్టి రోటా వచ్చినా తీవ్రంగా ముదిరే అవకాశం తక్కువ. నోరోని మాత్రం అవి ఆపవు.

నా ఇంట్లో పిల్లయితే నేను ఈ టెస్ట్ చేయించను. ఏ వైరస్ అని తేలినా వైద్యం ఒక్కటే. రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్లలకు, రెండు వారాలైనా తగ్గనప్పుడు, ఒకే అంగన్‌వాడీలో పదిమందికి ఒకేసారి వచ్చినప్పుడు చేయిస్తే అర్థముంది. డాక్టరు అడిగితే డైపర్ నుంచి గీకి ఇవ్వకండి, అందులోని జెల్ నీళ్లన్నీ పీల్చేస్తుంది. లోపల ప్లాస్టిక్ కవరు పరిచి పట్టి, డబ్బాలో వేసి ఐస్ మధ్య పంపండి. మొదటి మూడు నాలుగు రోజుల్లో అయితేనే మేలు.

ఇక వైద్యం. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉందో అన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపండి. సగం సగం వద్దు. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. చెంచాతో పట్టండి. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ మొదలెట్టండి. షాపులో అమ్మే తియ్యటి టెట్రాప్యాక్ డ్రింకులు ఓఆర్ఎస్ కావు. జింక్ రోజుకు 20 మి.గ్రా., 14 రోజులు, విరేచనాలు ఆగినా మానొద్దు. తల్లిపాలు, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ పెట్టొచ్చు. యాంటీబయాటిక్ అక్కర్లేదు. విరేచనాలు కట్టేసే మందులు ఈ వయసులో అసలు వేయకూడదు.

పళ్లు వస్తే ఇన్ని నీళ్ల విరేచనాలు కావు. కాకపోతే ఆ వయసులో దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు కదా, అక్కడ అత్తమ్మగారి మాట కొంత నిజమే. పాపకు ముద్ద కలిపేది ఆవిడే అయితే సబ్బుతో చేతులు కడుక్కోమనండి, నోరో మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.