జవాబిచ్చేటప్పుడు ముందు వచ్చిన మాటను ఎంత మేర ఎత్తి చూపాలి, ఎలా చూపాలి?

మీ ప్రశ్నలో రెండు సందేహాలు ఉన్నాయి. మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరు ప్రతి జవాబుకూ పైనున్న మెసేజ్‌ను పూర్తిగా కాపీ చేసి అతికిస్తున్నారు, ఇంకొకరు దేన్నీ చూపకుండా "అవును", "కాదు", "చెప్పాను కదా" అని మాత్రమే రాస్తున్నారు. వీరిలో ఎవరిది సరైన పద్ధతి అన్నది మొదటిది. ఒకరు అన్న మాటను అందరి ముందూ మళ్లీ ఎత్తి చూపితే వారిని నిలదీసినట్టు అవుతుందా అన్నది రెండవది. నేను కర్నూలులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు రాసి పదవీ విరమణ చేసినవాడిని. ఇప్పుడు అదే ఊరి పాతబస్తీలో మా వీధి గ్రూపుకు అడ్మిన్‌ని. ఈ రెండు చోట్లా పొరపాట్లు చేసి నేర్చుకున్నవే మీకు చెబుతున్నాను.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆనకట్టకు దిగువన, నది ఒడ్డున ఉన్న మా ఊళ్లో, అందులోనూ 2009 అక్టోబరు 2న ఇళ్లలోకి వరద వచ్చిన వీధుల్లో, ఆ వార్తకు జనం ఎంతగా బెదిరారో మీరు ఊహించుకోవచ్చు. మరునాడు ఆదివారం ఉదయం మా గ్రూపులో ఒకాయన, వీధిలో పైపు మరమ్మతు జరుగుతున్నందువల్ల, "రేపు కొళాయి నీళ్లు రావంట, నిజమేనా?" అని అడిగారు. నేను కళ్లద్దాలు వెతుక్కుని, ఒక్కొక్క అక్షరమే నొక్కుకుంటూ "అవును, నిజమే. ఇప్పుడే కనుక్కున్నాను" అని రాసి పంపేలోగా మధ్యలో మరో మూడు మెసేజ్‌లు వచ్చి చేరాయి. వాటిలో ఆఖరిది "నది ఒడ్డు వీధులన్నీ ఖాళీ చేయమంటున్నారంట, నిజమేనా?" అన్నది. నా జవాబు సరిగ్గా దాని కిందే పడింది.

ఇరవై నిమిషాల తర్వాత మా ఎదురింటి పెద్దమ్మ కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, మా అమ్మ మిద్దె మీదికి సామాను మోస్తోంది, కాస్త చూడండి అన్నాడు. వెళ్లి చూస్తే ఆమె బియ్యం మూటను ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తూ సగం దూరం చేరింది. పైన అప్పటికే రెండు ఊరగాయ జాడీలు, గ్యాస్ బండ, ప్లాస్టిక్ కవరులో చుట్టి తాడు కట్టిన పొలం కాగితాలు ఉన్నాయి. 2009లో ఆమె కాగితాలన్నీ బురదలో నానిపోయాయి కనుక ఈసారి ముందుగా వాటినే ఎక్కించింది. "నువ్వే కదప్పా రాసింది, నిజమే అని?" అంటూ ఫోన్ తెర నా ముందు పెట్టింది. నేను రాసిన దానిలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. అది దేనికి జవాబో మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ మూటను నేనే మోసి దించాను.

ఆ రోజు తర్వాత నాకు అర్థమైనది ఇది. అడిగినవారికి తాము ఏమడిగారో గుర్తుంటుంది, జవాబు రాసేవారికి తాము దేనికి రాస్తున్నారో గుర్తుంటుంది. కాబట్టి ముందు మాటను ఎత్తి చూపడం వారిద్దరి కోసం కాదు, ఆలస్యంగా వచ్చి చివరి రెండు మెసేజ్‌లు మాత్రమే చూసే మూడో మనిషి కోసం. ఎంత చూపాలి, ఎప్పుడు చూపాలి అన్న సందేహం వచ్చినప్పుడల్లా ఆ మూడో మనిషిని తలచుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. మన జవాబుకూ, వచ్చిన మెసేజ్‌కూ మధ్య ఇంకొక్క మెసేజ్ దూరినా సరే, ఆ మెసేజ్‌ను కుడివైపుకు జరిపి రిప్లై ఇవ్వాలి. ఇద్దరే మాట్లాడుకుంటున్నప్పుడు, వెంటనే జవాబిస్తున్నప్పుడు ఆ అవసరం లేదు. ప్రతి ముక్కకూ పై మాటను తగిలించి జవాబిస్తే కోర్టులో ఎదుటి వకీలు అడ్డప్రశ్నలు వేస్తున్నట్టు ఉంటుంది.

ఆఫీసులో ఈ పని మాకు ఒక పద్ధతి ప్రకారం సాగేది. నోట్ ఫైలులో పేరాలకు వరుస సంఖ్యలు ఉంటాయి; గుమాస్తా రాసిన నాలుగు పేజీలను పై అధికారి మళ్లీ ఎత్తి రాయడు, "పై 14వ పేరాలోని ప్రతిపాదనకు" అని రాసి తన అభిప్రాయం చెబుతాడు. ఉత్తరంలోనైతే విషయం కింద సూచిక అని పెట్టి, ఏ ఉత్తరానికి జవాబిస్తున్నామో దాని సంఖ్యా తేదీ రాశాకే అసలు సంగతిలోకి దిగుతాం. మేము ఈ తంతును ఎంత విసుక్కున్నా, పదేళ్ల తర్వాత ఆ ఫైలు తెరిచే కొత్త గుమాస్తాకు మాత్రం అదే దిక్కు. గ్రూపుల్లో ఈ తేదీ అన్నదే పోతోంది. ఒక మెసేజ్‌ను ఫార్వర్డ్ చేసినప్పుడు మనకు కనబడేది ఫార్వర్డ్ చేసిన సమయమే తప్ప దాన్ని మొదట రాసిన సమయం కాదు. మరుసటి ఏడాది వానాకాలంలో ఎవరో ఆ 19వ గేటు మెసేజ్‌నే తేదీ లేకుండా తెచ్చి మళ్లీ పెట్టారు, సగం వీధి దాన్ని కొత్త వార్త అనుకుంది. పాత మాటను తెచ్చేవారు "ఇది 2024 ఆగస్టులో వచ్చిన మెసేజ్" అని పైన ఒక్క పంక్తి చేత్తో రాయడం తప్పనిసరి అని నేను అంటాను.

ఇక ఎంత మేర చూపాలన్నది. రిప్లై ఇచ్చినప్పుడు పైన వచ్చే చిన్న పెట్టెలో పొడవైన మెసేజ్ మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి. దాన్ని నొక్కితే అసలు మెసేజ్ దగ్గరికి తీసుకుపోతుంది గానీ నొక్కే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఎదుటివారి ఐదో పేరాలోని మాటకు మీరు జవాబిస్తుంటే ఆ ఒక్క వాక్యాన్ని కాపీ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, కింద మీ మాట రాయండి. మీ కాలనీలో ఆయన చేస్తున్నట్టు ముప్పై పంక్తులు అతికించి చివర "నాదీ అదే మాట" అని రాస్తే, ఆ మూడు మాటల కోసం చదివేవారు బొటనవేలు నొప్పెట్టేలా తెరను జరపాలి. ఇది కొత్త ఫిర్యాదేమీ కాదు. 1995 అక్టోబరులో ఇంటెల్‌కు చెందిన సాలీ హాంబ్రిడ్జ్ కూర్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రంలోనే, జవాబిచ్చేటప్పుడు మొదట ముందు సందేశపు సారాంశం చెప్పాలని, లేదా సందర్భం తెలియడానికి సరిపడేంత భాగమే ఉంచాలని ఉంది.

అయితే కోయడంలోనే అసలు ప్రమాదం ఉంది, తెలుగులో మరీను. మన వాక్యానికి ప్రాణం తోకలో ఉంటుంది; ఔను, కాదు, లేదు, అనుకోవడం లేదు అన్నవన్నీ చివరికే వస్తాయి. వినాయక చవితి చందాల గురించి మా గ్రూపులో నేను ఒకసారి "చందాల లెక్కల్లో తేడా ఉందని నేను అనడం లేదు, రసీదు పుస్తకాన్ని అందరికీ ఒకసారి చూపితే బాగుంటుందని మాత్రమే అంటున్నాను" అని రాశాను. సాయంత్రానికి అది "చందాల లెక్కల్లో తేడా ఉందని అడ్మిన్‌గారే అన్నారు" అని తిరిగి వచ్చింది. నా మాటలే, నా వరుసలోనే ఉన్నాయి, తోక ఒక్కటే లేదు. కేసీ కాలువ వినాయక ఘాట్‌లో నిమజ్జనం అయ్యేవరకు కమిటీ కుర్రవాళ్లు నాతో మాట్లాడలేదు. ప్రసాదం పొట్లాన్ని మాత్రం ఒక పిల్లవాడి చేత పంపించారు. ఒకరి వాక్యాన్ని తగ్గించక తప్పనప్పుడు మొదటి నుంచీ, మధ్య నుంచీ తగ్గించండి, తగ్గించిన చోట మూడు చుక్కలు పెట్టండి, చివరి క్రియను మాత్రం ముట్టుకోకండి.

తోకలాగే జారిపోయే ఇంకో చిన్న అక్షరం "అట", మా వైపు "అంట". నీళ్లు రావంట అంటే ఎవరో అనగా విన్నాను, పూచీ నాది కాదు అని అర్థం. దాన్ని ఎత్తి రాసేవారు "నీళ్లు రావని ఫలానావారు చెప్పారు" అని రాస్తే విన్న మాట చెప్పిన మాట అయిపోతుంది, మూడో చేతికి వచ్చేసరికి "నీళ్లు రావు" అని తేలిపోతుంది. బడిలో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని నేర్పినప్పుడు మార్కుల కోసం చదివాం గానీ అది రోజూ పనికొచ్చే విద్య. "మా తమ్ముడు నేను రానన్నాడు" అని రాస్తే రానిది తమ్ముడా, రాసినవారా? మాట్లాడేటప్పుడు గొంతు చెప్పేస్తుంది, రాతలో కొటేషన్ గుర్తులే చెప్పాలి. గుర్తుల మధ్య పెట్టినది అక్షరం మార్చకుండా ఉండాలి. మీ మాటల్లో చెబుతున్నప్పుడు గుర్తులు తీసేసి "నాకు అర్థమైనంతవరకు ఆయన అంటున్నది ఇది" అని మొదలుపెట్టాలి.

అక్షరం మార్చకుండా అన్నాను కనుక తప్పులను సరిదిద్దవచ్చా అని మీరు అడగవచ్చు. వద్దు. కానీ ఎదుటివారి అక్షరదోషాన్నే ఎంచి చూపడానికి ఆ మాటను ఎత్తడం అంతకంటే పెద్ద అమర్యాద. అలాంటప్పుడు మీ మాటల్లో సారాంశం చెబితే సరిపోతుంది. సి.పి. బ్రౌన్ పండితులను పెట్టుకుని వేమన పద్యాల వేర్వేరు ప్రతులను పోల్చి చూసి 1829లో అచ్చువేయించాడంటే, ఎవరు ఏమన్నారో అన్నట్టుగానే తేల్చుకోవడానికి అంత శ్రమ అవసరమని ఆయనకు తెలుసు. మనమేమో "వినుర వేమ" అని చివర తగిలించి తోచినదంతా వేమన పేరు మీద చలామణి చేస్తాం. ఇంకో సంగతి, 2023 నుంచి వాట్సాప్‌లో మెసేజ్ పంపిన 15 నిమిషాలలోపు దిద్దుకునే వీలుంది. ఎవరైనా తమ మాటను దిద్దుకుంటే దిద్దిన మాటకే జవాబివ్వాలి తప్ప, మొదట ఇలా రాశారు కదా అని పాతదాన్ని పట్టుకు వేలాడకూడదు.

ఈమెయిల్‌లో బెడద వేరు. అక్కడ పాత ఉత్తరాలన్నీ అడుగున వాటంతట అవే పేరుకుపోతాయి, జీమెయిల్ వాటిని మూడు చుక్కల వెనక దాచేస్తుంది, పంపేవారికి తాము ఏమేం పంపుతున్నారో తెలియదు. మా బంధువొకాయన పెళ్లి సంబంధం విషయమై అమ్మాయి తండ్రికి మర్యాదగా నాలుగు పంక్తులు రాసి పంపాడు. దాని అడుగున, అంతకు రెండు రోజుల ముందు తన అన్నతో ఆ ఇంటివారి పెట్టుపోతల గురించి రాసుకున్నదంతా కూడా వెళ్లింది. సంబంధం ఏమైందో వేరే చెప్పాలా? కొత్త మనిషికి పాత మెయిల్ పంపేముందు ఆ చుక్కలు నొక్కి అడుగుదాకా చదవండి. విడిగా రాసిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం గురించి నాకు రెండో అభిప్రాయం లేదు: అడగకుండా పెట్టకూడదు.

మీ రెండవ సందేహానికి వస్తే, ఎత్తి చూపడం దానంతట అది నిలదీయడం కాదు. మన శాస్త్రగ్రంథాల్లో ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షంగా ముందు నిలబెట్టి ఆ తర్వాతే తమ సిద్ధాంతం చెప్పేవారు. ఎదుటివారు చూసి "అవును, నేను అన్నది ఇదే" అనేలా రాసినప్పుడే ఖండనకు విలువ ఉండేది. మీరు ఎత్తిన వాక్యాన్ని అన్నవారు చూసి అదే మాట అనగలిగితే అందులో తప్పు లేదు. కానీ ఎప్పుడో ఆరు నెలల కిందటి మాటను వెతికి తీసి "అప్పుడిలా అన్నారు" అని ముందు పెట్టడం వేరు. అది నిజమే అయినా గ్రూపులో కాదు, ఫోన్‌లో అడగవలసిన మాట.

మీ మాటనే ఎవరైనా వక్రంగా ఎత్తితే కూడా ఫోనే చేయండి. చందాల విషయంలో నేను ఆ పని ఆలస్యంగా చేశాను. నా వాక్యాన్ని సగం చేసినాయనకు నిమజ్జనం తర్వాత ఫోన్ చేస్తే, ఆయన అసలు నా మెసేజ్ చదవనేలేదని తేలింది. ఇంకెవరో నాకు ఇచ్చిన రిప్లై పైనున్న చిన్న పెట్టెలో కనిపించినంత చదివి, అదే నా మాట అనుకున్నారు. ఆ రాత్రే నా పూర్తి వాక్యాన్ని గ్రూపులో పెట్టి "నేను సగమే చూశాను" అని రాశారు. తర్వాతి ఏడాది కమిటీ కుర్రవాళ్లు రసీదు పుస్తకం పేజీలను ఎవరూ అడగకముందే ఫోటోలు తీసి పెట్టారు. తమ చందా మొత్తం తప్పుగా పడినవారు ఆ పేజీ ఫోటోకే రిప్లై ఇచ్చి సరిచేయించుకున్నారు, పెద్దమ్మ కూడా, వంద రూపాయలకు.