టారో నేర్చుకోవడానికి, దాని చరిత్ర తెలుసుకోవడానికి ఏ పుస్తకాలు కొనాలి?

కొత్తగా టారో డెక్ (జోస్యం చెప్పడానికి వాడే 78 బొమ్మల కార్డుల కట్ట) కొన్నారని, కార్డులు చదవడంతో పాటు వాటి చరిత్ర కూడా తెలుసుకోవాలనుందని, రెండింటికీ పనికొచ్చే ఒక మంచి పుస్తకం చెప్పమని అడిగారు. నేనైతే రెండు వేర్వేరు పుస్తకాలు కొనమంటాను. రీడింగ్, అంటే కార్డులు చూసి అర్థం చెప్పడం, బాగా నేర్పే పుస్తకాల్లో చాలావాటికి చరిత్ర మీద పట్టు లేదు. చరిత్ర బాగా రాసినవాళ్లలో కొందరికి రీడింగ్ మీద నమ్మకమే లేదు.

కొన్నేళ్లుగా నాకోసం, స్నేహితుల కోసం కార్డులు చదువుతున్నాను. అల్మారాలో పుస్తకాలు చాలానే చేరాయి కానీ చెయ్యి మళ్లీ మళ్లీ వెళ్లేది మూడు నాలుగింటి మీదికే.

ముందు మీ డెక్ ఏదో చూసుకోండి. మన దగ్గర ఎక్కువగా దొరికేది రైడర్ వెయిట్ డెక్, లేదా దాన్ని చూసి వేసినవి. 1909లో లండన్‌లో వచ్చింది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. కప్పులు, కత్తులు లాంటి గుర్తులుండే చిన్న కార్డులకు (మైనర్ ఆర్కానా) కూడా ఆమె మనుషులతో సన్నివేశాలు గీసింది. పాత ఫ్రెంచ్ పద్ధతి మార్సెయ్ డెక్‌లో అలా ఉండదు, ఐదు కప్పుల కార్డు అంటే ఐదు కప్పులే కనిపిస్తాయి. అలీస్టర్ క్రౌలీ రూపొందించిన థోత్ డెక్ పద్ధతి ఇంకోటి. నేను కింద చెప్పే రీడింగ్ పుస్తకం రైడర్ వెయిట్ డెక్ ఉన్నవాళ్లకి.

ఆ డెక్ కోసం వెయిట్ స్వయంగా రాసిన పుస్తకం 'పిక్టోరియల్ కీ టు ద టారో' నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెడతారు. నేను వద్దంటాను. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ తీసి చూడండి. పడవలో తల మీదుగా ముసుగు కప్పుకున్న ఒక మనిషి, పక్కన పిల్లవాడు, వెనక పడవ నడిపేవాడు, ముందు నిలువుగా గుచ్చిన ఆరు కత్తులు. ఇంత బరువైన బొమ్మకి వెయిట్ ఇచ్చే అర్థం నీటి మీద ప్రయాణం, దారి, దూత, ఇలా పొడి పొడి మాటలు. పైగా బరువు పెద్దగా లేదు, పడవవాడికి కష్టం కాదు అంటాడు. అదే కార్డు గురించి రేచల్ పొలాక్ 'సెవెంటీ ఎయిట్ డిగ్రీస్ ఆఫ్ విజ్డమ్'లో చదివితే, పాత దుఃఖాన్ని వెంటబెట్టుకుని ఒడ్డు దాటుతున్న మనుషులు కనిపిస్తారు. ఆవిడ అర్థాలు బట్టీ పట్టించదు, బొమ్మని చూడటం నేర్పుతుంది. 1980, 1983లలో రెండు భాగాలుగా వచ్చింది, ఇప్పుడు ఒకే పుస్తకంగా దొరుకుతుంది. మొదటి పుస్తకం ఇదే కొనండి. రాసుకుంటూ సాధన చేసే అలవాటుంటే తర్వాత మేరీ గ్రీర్ 'టారో ఫర్ యువర్ సెల్ఫ్' తీసుకోవచ్చు.

ఇక చరిత్ర. కోఠిలోనో, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో పాత పుస్తకం చేతికొస్తే మొదటి అధ్యాయంలో ఈజిప్టు గురించి ఏం రాశారో చూడండి. ఈజిప్టు పూజారులు తమ రహస్య జ్ఞానాన్ని ఈ కార్డుల్లో దాచారని నిజంలా రాసుంటే, చరిత్ర కోసం ఆ పుస్తకం కొనొద్దు. ఆ మాట మొదలుపెట్టింది 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబెలాఁ అనే రచయిత. ఈజిప్టు చిత్రలిపిని ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఛేదించింది 1822లో. అంటే జెబెలాఁ రాసేనాటికి ఆ లిపి చదవగలిగినవాడు ఒక్కడు కూడా లేడు.

అసలు ఈ కార్డులు 1440ల నాటికి ఉత్తర ఇటలీలో పేకాట కోసం పుట్టాయి. మేజర్ ఆర్కానా (పెద్ద కార్డులు) అని మనం పిలిచే 22లో ఫూల్‌ని పక్కన పెడితే మిగతా 21 ఆ ఆటలో తురుపు ముక్కలు. ఈ సంగతి తెలిస్తే టారో మీద గౌరవం తగ్గుతుందని కొందరి భయం. నాకు పెరిగింది, రీడింగ్‌కి కూడా పనికొచ్చింది. డెత్ కార్డు పడగానే ఎదురుగా కూర్చున్నవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు నేను ఆ ఆట గురించి చెప్తాను. అందులో పై ముక్క కింది ముక్కని కొట్టేస్తుంది. డెత్ 13వది కాబట్టి చక్రవర్తినీ పోప్‌నీ కొట్టేస్తుంది. కానీ దాని మీద ఇంకా నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు, ప్రపంచం ఉన్నాయి. వరస అక్కడితో ఆగదు. ఈ మాట ఓదార్పు కోసం నేను కల్పించింది కాదు, కార్డుల వరసలోనే ఉంది. అందుకే వినేవాళ్లకి ధైర్యం వస్తుంది.

ఈ విషయాలకు పునాది వేసింది ఆక్స్‌ఫర్డ్ తత్వశాస్త్ర ప్రొఫెసర్ మైకేల్ డమెట్. 1980లో వచ్చిన ఆయన 'ద గేమ్ ఆఫ్ టారో' చాలా పెద్దది, ఆటల నియమాలే ఎక్కువ. మీకు అంత అవసరం లేదు. జోస్యం వైపు కథ ఎలా మళ్లిందో తెలుసుకోవాలంటే, ఇంకో ఇద్దరితో కలిసి ఆయన రాసిన 'ఎ వికెడ్ ప్యాక్ ఆఫ్ కార్డ్స్' చదవండి. 1996లో వచ్చింది. ఓపిగ్గా చదవాలి, రీడింగ్ చేసేవాళ్ల మీద జాలి చూపించదు, కానీ ఆధారం లేకుండా మాట్లాడదు.

ఒక్క పుస్తకానికే డబ్బుంది అంటే మాత్రం రాబర్ట్ ప్లేస్ రాసిన 'ద టారో: హిస్టరీ, సింబాలిజం, అండ్ డివినేషన్'. ఆయన స్వయంగా టారో డెక్‌లు గీసిన చిత్రకారుడు. చరిత్రని గౌరవిస్తూనే రీడింగ్‌నీ ప్రేమిస్తాడు. నాకు తెలిసి ఆ రెండూ ఒకచోట కుదిరిన పుస్తకాలు అరుదు.

అది చదివేటప్పుడు మిలాన్ పాలకుల కోసం చేయించిన విస్కాంతి స్ఫోర్జా కార్డులు పక్కన పెట్టుకుని చూడండి. మిగిలిన 74లో 35 న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో ఉన్నాయి, బొమ్మలు వాళ్ల వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. డెవిల్, టవర్ ఆ డెక్‌లో దొరకలేదు కాబట్టి, ఈరోజు అమ్మే నకళ్లలో ఆ రెండూ తర్వాతివాళ్లు గీసినవే.